ఆఖరి వాయి

టెక్సాస్ వాళ్ళు నూనెలో వెయ్యని వస్తువంటూ లేదు. డాలస్‌లో ఏటా జరిగే స్టేట్ ఫెయిర్‌లో 2005 నుంచీ ఇందుకో పోటీ కూడా పెడుతున్నారు. 2006లో ఒకాయన కోకాకోలాని వేయించి బహుమతి కొట్టాడు. (కోక్ పోసి కలిపిన పిండిని ఉండలుగా నూనెలో వేసి, తీశాక పైన మళ్ళీ కోక్ సిరప్ పోశాడు.) 2009లో అదే మనిషి వెన్నని వేయించాడు. ఈ సంగతి మా అమ్మకి చెబితే కాసేపు ఆలోచించి, "పాపం, కాచి నెయ్యి చేసుకోవడం తెలీదేమో" అంది.

ఇలాంటి ఊళ్ళో మాకరోనీ అండ్ చీజ్‌ని ముక్కలు చేసి వేయించడం పెద్ద సాహసం కింద లెక్కకి రాదు. ఫ్రైడ్ మాక్ అండ్ చీజ్ బైట్స్ అంటారు. భోజనానికి ముందు, చేతిలో గ్లాసు ఉండగానే రెండో చేత్తో తినగలిగే రకం. మన పునుగంత సైజు. పైన కరకరలాడే పెంకు, లోపల మెత్తగా, వేడిగా, సాగే మాకరోనీ. హైదరాబాద్ కెఫేల్లో చీజ్ బాల్స్ తిన్నవాళ్ళకి ఇది వాటి పెద్దమ్మ కూతురని చెబితే చాలు. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆదివారం వచ్చిందంటే ఇక్కడి ఇళ్ళల్లో ఆటకంటే ఇలాంటి చిరుతిళ్ళ హడావిడే ఎక్కువ. మా ఊరి టీమ్ కౌబాయ్స్ ఆ ఆట ఆడి చాలా ఏళ్ళయింది (1996 జనవరిలో ఆఖరిసారి), కాబట్టి డాలస్ వాళ్ళకి తిండి మీద పెట్టడానికి బోలెడు ధ్యాస మిగులుతుంది.

మొన్న ఫిబ్రవరిలో మా ఇంట్లో పద్నాలుగు మందికి ఇవి చేశాం. 'చేశాం' అని బహువచనం వాడటానికి కారణం ఉంది. అక్కడికి వస్తాను, కానీ ముందు ఒక వ్యాకరణం గొడవ ఉంది.

కథల గురించి అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాస్తుంటాను కాబట్టి, చదివేటప్పుడు కొన్ని వాక్యాల దగ్గర ఆగిపోవడం నాకు అలవాటైంది. మన కథల్లో నలుగురు మొగాళ్ళు వరండాలో కూర్చుని రాజకీయాలో సాహిత్యమో మాట్లాడుకుంటూ ఉంటారు. 'ఇంతలో కాఫీలు వచ్చాయి' అని ఒక వాక్యం పడుతుంది. వానాకాలమైతే 'వేడి వేడి బజ్జీలు వచ్చాయి' అని పడుతుంది. వచ్చాయి అంటే? వాటంతట అవే నడిచొచ్చాయా? ఎవరు చేశారో చెప్పకుండా పని పూర్తి చేసేసే సౌకర్యం మన క్రియలకి బాగా ఉంది, రచయితలు దాన్ని బాగానే వాడుకున్నారు. కాఫీ సంగతి వేరు. కలిపి, తెచ్చి ఇచ్చి, తనూ ఓ మూల కూర్చోవచ్చు. బజ్జీ అలా కుదరదు. బజ్జీ వేడిగా తినాలి. వేడిగా తినాలంటే వాయి తర్వాత వాయి దిగుతూ ఉండాలి. అంటే మాటలు నడుస్తున్నంతసేపూ ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడే ఉండాలి. బల్ల మీద వేడి బజ్జీ ఉందంటే, ఆ గదిలో ఒక మనిషి తక్కువున్నట్టు లెక్క.

మా ఇంట్లో ఆ మనిషి అమ్మ. బాపట్లలో మా ముందు గదిలో టీవీ ఉండేది, వీధిలో అందరికంటే పెద్దది. క్రికెట్ మ్యాచ్ అంటే నాన్న స్నేహితులు ఏడెనిమిది మంది దిగేవారు. 2003 మార్చి 23, వరల్డ్ కప్ ఫైనల్ నాకు బాగా గుర్తు. వంటింటికీ ముందు గదికీ మధ్య పళ్ళాల రవాణా నా ఉద్యోగం. ఆస్ట్రేలియా 359 కొట్టేసరికే గదిలో గొంతులు తగ్గాయి. సచిన్ మొదటి ఓవర్లోనే అవుటయ్యాడు. ఆ వార్త వంటింట్లోకి మోసుకెళ్ళింది నేనే. అమ్మ "అయ్యో" అని, బజ్జీలు తిరగేసింది. తిరగెయ్యకపోతే మాడతాయి మరి. ఆఖరి వాయి తన వాటా. గిన్నె అడుగున మిగిలిన పిండికి కాసిని నీళ్ళు చేర్చి, చీలిపోయిన మిరపకాయలకి పూసి వేసిన వాయి అది. అది తినే టైముకి నాన్న స్నేహితులు చెప్పులేసుకుంటూ ఉండేవారు. "ఏమైందటే ఆట?" అని నన్ను అడిగేది.

నాన్న పోయి ఏడాదిన్నర అయింది. కిందటి నవంబర్లో అమ్మ మా దగ్గరికొచ్చింది, ఆరు నెలలకి. ఆయన పోయాక ఆ ఇంట్లో బాణలి పొయ్యెక్కలేదని పక్కింటి పిన్నిగారు ఫోన్లో చెప్పారు. అమ్మని అడిగితే, "ఒక్కదాని కోసం నూనె పెట్టుకుంటారా ఎవరైనా?" అంది.

సూపర్ బౌల్‌కి నా టీంవాళ్ళని పిలుద్దామనుకున్నప్పుడు నేను పెట్టుకున్న షరతు ఒకటే. ఆట నడుస్తున్నంతసేపూ ఈ ఇంట్లో ఎవరూ పొయ్యి దగ్గర నిలబడకూడదు. ముఖ్యంగా అమ్మ. మాక్ అండ్ చీజ్ బైట్స్‌ని ఎంచుకున్నది అందుకే. శుక్రవారం సాస్, శనివారం వేపుడు, ఆదివారం ఓవెన్లో పదినిమిషాలు వేడి చేస్తే చాలు. మా వృత్తి భాషలో చెప్పాలంటే బ్యాచ్ ప్రాసెసింగ్. ఒక్కో ఆర్డర్ వచ్చినప్పుడల్లా సర్వర్ మేలుకోనక్కర్లేదు.

చీజ్ కొనే దగ్గరే మొదటి అడ్డంకి వచ్చింది. అమ్మ మాంసం, గుడ్డు ముట్టదు. పాలు విరగకుండా గడ్డ కట్టడానికి చీజ్‌లో రెన్నెట్ అనే పదార్థం కలుపుతారని, సంప్రదాయంగా అది పాలు తాగే దూడ కడుపులోంచి వస్తుందని నేనే ఎప్పుడో చెప్పాను. ఇటలీ పార్మిజానో రెజ్జానోకి చట్టం ప్రకారం ఇప్పటికీ దూడ రెన్నెటే వాడాలి. అది పక్కన పెట్టేశాం. చెడార్‌కి ఆ ఇబ్బంది లేదు. 1990లో అమెరికా ప్రభుత్వం కొత్తరకం రెన్నెట్‌కి అనుమతిచ్చింది. దూడ కడుపులోని ఎంజైమ్‌ని తయారుచేసే జీన్‌ని సూక్ష్మజీవుల్లో పెట్టి, వాటిని ట్యాంకుల్లో పులియబెట్టి తీస్తారు. ఇప్పుడు ఇక్కడి చీజ్‌లో ఎక్కువ భాగం దాంతో చేసిందే. షాపులో అట్ట వెనక అక్షరాలు చదువుతూ ఇదంతా అమ్మకి వివరించాను.

"అయితే ఇందులో దూడ ఎక్కడుంది?"

"లేదమ్మా. దాని కోడ్ కాపీ చేసుకున్నారంతే."

"దూడ బతికే ఉందా?"

"ఆ దూడకి అసలీ సంగతే తెలీదు."

అమ్మ అట్టని నా చేతిలోంచి తీసుకుని బుట్టలో వేసింది. 'వెజిటేరియన్ రెన్నెట్' అని రాసున్నదే తీసుకున్నాం, ఎందుకొచ్చిన గొడవని.

ఇక కొలతలు. 450 గ్రాముల మాకరోనీ. ప్యాకెట్ మీద రాసిన టైముకంటే రెండు నిమిషాలు ముందే దించెయ్యాలి, ఎందుకంటే రాత్రంతా సాస్ పీల్చుకుని అది ఇంకా మెత్తబడుతుంది. 85 గ్రాముల వెన్న కరిగించి, దాదాపు అంతే మైదా వేసి పచ్చివాసన పోయేదాకా వేపి, 700 మిల్లీలీటర్ల పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు కట్టకుండా తిప్పాలి. ప్లేట్లో పెట్టుకు తినే మాక్ అండ్ చీజ్‌కైతే ఇంత చిక్కన అక్కర్లేదు. ఇక్కడ సాస్ గోడకి సిమెంటు లాంటిది. అది చిక్కబడ్డాక పొయ్యి ఆపేసి, అప్పుడు 450 గ్రాముల చీజ్ తురుము వెయ్యాలి. మంట మీద వేస్తే చీజ్‌లో ప్రొటీన్ ముడుచుకుపోయి కొవ్వు విడిపోతుంది, సాస్ ఇసకలా తగులుతుంది. తురిమి సంచుల్లో అమ్మేది కొనకండి. ముద్ద కట్టకుండా దానికి గంజిపొడి లాంటివి పూస్తారు, నున్నగా కరగదు.

నేను మైదా ఎందుకు వేస్తున్నానో అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. "మజ్జిగ పులుసుకి శనగపిండి కలపమూ? విరక్కుండా. ఇదీ అంతే" అంది. మూడు వీడియోలు చూసి నేను అర్థం చేసుకున్న విషయం అది. కాగే మజ్జిగని శనగపిండి విరిగిపోకుండా పట్టుకున్నట్టే, కరిగే చీజ్‌ని మైదాలోని గంజి పట్టుకుంటుంది. ఫ్యాక్టరీలవాళ్ళు ఇదే పని లవణాలతో చేస్తారు. జేమ్స్ క్రాఫ్ట్ 1916లో ప్రాసెస్డ్ చీజ్‌కి పేటెంట్ తీసుకున్నాడు, 1937లో వాళ్ళ కంపెనీ మాకరోనీ, చీజ్ పొడి కలిపి డబ్బాలో పెట్టి అమ్మడం మొదలెట్టింది. నలుగురికి తొమ్మిది నిమిషాల్లో భోజనం, ధర 19 సెంట్లు. మాంద్యం రోజులు కదా, విపరీతంగా అమ్ముడుపోయింది. ఈ దేశంలో చాలామంది పిల్లలకి మాక్ అండ్ చీజ్ అంటే ఇప్పటికీ ఆ నీలంరంగు డబ్బాయే. దక్షిణాది రాష్ట్రాల్లో మరీ విడ్డూరం. మాంసంతో పాటు మూడు కూరలు ఎంచుకోమనే హోటళ్ళు ఉంటాయి, ఆ కూరల పట్టికలో మాక్ అండ్ చీజ్ కూడా ఉంటుంది. కూరగాయ కింద!

సరే, కలిపినదాన్ని 13 అంగుళాలు పొడవు, 9 అంగుళాలు వెడల్పున్న ట్రేలో సమంగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టాం. రాత్రంతా అక్కడే ఉంటుంది. ఈలోగా దీని పుట్టుపూర్వోత్తరాలు.

ఈ వంటకాన్ని అమెరికాకి తెచ్చింది మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ అని చాలాకాలం చెప్పుకున్నారు. అందులో చాలా అతిశయోక్తి ఉంది. 1769లోనే ఎలిజబెత్ రాఫాల్డ్ అనే ఇంగ్లీషావిడ వంటపుస్తకంలో మాకరోనీ, పార్మెజాన్ చీజ్ కలిపి వండే పద్ధతి ఉంది. కానీ జెఫర్సన్‌కి మాకరోనీ పిచ్చి ఉన్నమాట నిజం. ఫ్రాన్సులో రాయబారిగా ఉన్నప్పుడు మాకరోనీ తీసే యంత్రం బొమ్మ కూడా గీసుకున్నాడు. 1802లో అధ్యక్షభవనం విందులో మాకరోనీ పెట్టినట్టు మనాసే కట్లర్ అనే కాంగ్రెస్ సభ్యుడు డైరీలో రాసుకున్నాడు. ఆయనకి అది నచ్చలేదు.

విందులో మాకరోనీ వచ్చింది. ఎవరు వండితే వచ్చింది?

1784లో జెఫర్సన్ పారిస్ వెళ్తూ పందొమ్మిదేళ్ళ జేమ్స్ హెమింగ్స్‌ని వెంట తీసుకెళ్ళాడు, ఫ్రెంచి వంట నేర్పించడానికి. హెమింగ్స్ అతని బానిస. అంతే కాదు, చనిపోయిన అతని భార్యకి సవతి తమ్ముడు కూడా. పారిస్‌లో పెద్ద వంటవాళ్ళ దగ్గర పని నేర్చుకుని, జెఫర్సన్ ఇంటి వంటశాలకి అధిపతి అయ్యాడు. ఫ్రెంచి భాష నేర్చుకోవడానికి సొంత డబ్బుతో మాస్టారుని పెట్టుకున్నాడు. ఫ్రాన్సు గడ్డ మీద కోర్టుకెళ్తే స్వేచ్ఛ దొరికే అవకాశం ఉండేది, కానీ వెళ్ళలేదు. తిరిగొచ్చాక 1793లో జెఫర్సన్ ఒక ఒప్పందం రాసిచ్చాడు. నీ వంట మొత్తం ఇంకొకరికి నేర్పితే నిన్ను విడుదల చేస్తానని. ఆ ఇంకొకరు జేమ్స్ తమ్ముడు పీటర్. అది పూర్తయ్యి అతనికి స్వేచ్ఛ వచ్చేసరికి 1796 అయింది. తమ్ముడు బానిసగానే ఆ వంటింట్లో నిలబడ్డాడు.

మా ఆఫీసుల్లో కేటీ అంటాం కదా, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. ఆ మాటతో పోల్చబోయి ఆగిపోయాను. మనం కేటీ ఇచ్చి ఉద్యోగం పోగొట్టుకుంటాం. అతను కేటీ ఇచ్చి తన ఒంటిని తను వెనక్కి తెచ్చుకున్నాడు, అదీ తమ్ముణ్ణి తన చోట నిలబెట్టి. వెళ్ళిపోయే ముందు వంటింట్లో ఉన్న పాత్రలన్నిటికీ జాబితా రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది, అతని సొంత దస్తూరీతో. నాకు ఎక్కువ నచ్చే ఘట్టం దీని తర్వాతది. 1801లో జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక, వచ్చి వంటశాల చూసుకోమని మధ్యవర్తుల ద్వారా కబురు పెట్టాడు. జీతమెంతో, షరతులేమిటో ఆయన చేతిరాతతో నాలుగు ముక్కలు రాసి పంపమన్నాడు హెమింగ్స్. ఆఫర్ లెటర్ అడిగాడన్నమాట. ఆ ఉత్తరం రాలేదు, అతను ఆ ఉద్యోగంలో చేరలేదు. అదే ఏడాది బాల్టిమోర్‌లో చనిపోయాడు, 36 ఏళ్ళకి. ఆ మర్నాటి ఏడాది విందు గురించే కట్లర్ గారు డైరీలో విసుక్కున్నది.

శనివారం పొద్దున్నకి ట్రే గట్టిగా, మైసూర్‌పాక్ పలకలా తయారైంది. పొడవుకి పది, అడ్డంగా ఏడు, మొత్తం డెబ్బై ముక్కలు కోశాం. ఒక్కోటీ అంగుళం పావు పైచిలుకు. రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టాం. ఇది దాటవెయ్యకూడని మెట్టు. నూనెలో పైపెంకు ఎర్రబడటానికి రెండు నిమిషాలు చాలు, ఆ రెండు నిమిషాలూ లోపలి చీజ్ కరిగి బయటికి పారకుండా చలి దాన్ని పట్టి ఉంచుతుంది. మామూలుగా పైపూతకి గుడ్డు గిలక్కొట్టి వాడతారు. మేం మైదా, కార్న్‌ఫ్లోర్ సమంగా కలిపి దోసెపిండికంటే పల్చగా జారు చేసుకున్నాం. ముక్కని అందులో ముంచి, పాంకో అనే జపాను బ్రెడ్ పొడిలో దొర్లించి, మళ్ళీ ముంచి, మళ్ళీ దొర్లించాలి. జారు కలిపింది అమ్మ. అందులో ఇంకేదో వేసిందని నాకు ఆదివారం దాకా తెలీదు.

వేపుడు గరాజులో. డాలస్ తెలుగువాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. ఇంట్లో నూనె పెడితే పొగ అలారం మోగుతుంది, తివాచీకి వాసన పడుతుంది, రేపు ఇల్లు అమ్మేటప్పుడు రేటు తగ్గుతుంది. కాబట్టి గరాజు తలుపు పైకెత్తి, కారు బయటపెట్టి, బల్ల మీద ఇండక్షన్ పొయ్యి. వేపేవాళ్ళు వంటింట్లోంచి కూడా బయటికి పోయినట్టే. నేను థర్మామీటర్ క్లిప్పు బాణలికి తగిలించి 350 ఫారెన్‌హీట్ రావాలని చూస్తున్నాను. అమ్మ జారు చుక్క ఒకటి నూనెలో విదిల్చింది. మునిగి, వెంటనే తేలి, చుట్టూ బుడగలు వచ్చాయి. "కాగింది, వెయ్" అంది. థర్మామీటర్‌లో 354.

ఒక్కో వాయికి ఎనిమిది. అంతకంటే ఎక్కువ వేస్తే చల్లటి ముక్కలకి నూనె వేడి పడిపోతుంది, పెంకు నూనె పీలుస్తుంది. ముక్క వెయ్యగానే వచ్చే బుడగలు దానిలోని నీరు ఆవిరై బయటికొస్తున్న గుర్తు. ఆవిరి బయటికి తోస్తున్నంతసేపు నూనె లోపలికి రాలేదు. ఇంకా ఉంచితే ఆ ఆవిరే లోపల నిండి పెంకుని చీల్చేస్తుంది, చీజ్ కారి నూనె చిటపటలాడి చేతుల మీద పడుతుంది. అమ్మ చూపు బుడగల మీద లేదు. చెవి పెట్టి వింటోంది. చప్పుడు సన్నబడగానే చిల్లుల గరిటె దించింది. ఐదు వాయిలు, నలభై ముక్కలు వేపాం. మిగతా ముప్ఫై ఇంకోసారెప్పుడైనా పనికొస్తాయని పచ్చివి పచ్చిగానే ఫ్రీజర్‌లో దాచింది. అప్పుడే అనుమానం రావలసింది.

ఆదివారం సాయంత్రం ఐదున్నరకి ఆట మొదలైంది. నలభై ముక్కలూ తీగ జాలీ మీద పెట్టి 400 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు వేడి చేసి, పక్కన టమాటా సాస్, రాంచ్ పెట్టి బల్ల మీదకి చేర్చాను. బాగానే వచ్చాయి. నిన్నటి కరకరలో ఓ పదోవంతు తగ్గిందేమో. అమ్మ పట్టుచీర కట్టుకుని సోఫా మధ్యలో కూర్చుంది, సరిగ్గా నేను కూర్చోబెట్టిన చోట. మా ఆయన ఆట నియమాలు చెబుతున్నాడు. అమ్మ శ్రద్ధగా విని, "ఆడేది క్షణం, నించునేది పావుగంట" అంది. అందరికీ ఇంగ్లీషులో చెబితే నవ్వారు. రెండో క్వార్టర్‌లో చూస్తే సోఫాలో అమ్మ లేదు.

గరాజులో స్వెటర్ మీద పమిట బిగించి, నూనె పెట్టేసింది. ఫిబ్రవరి చలి గాలి తలుపు కింద నుంచి కొడుతోంది.

"అమ్మా, ఏమిటిది? లోపలికి రా. అందుకే కదా ముందే చేసింది."

"వేడి చేసిన బజ్జీ తినిపించి పంపుతావా ఇంటికొచ్చినవాళ్ళని?"

"వాళ్ళు బాగున్నాయన్నారు."

"బాగోలేదంటారా మరి?" అని ముక్క ఒకటి జారవిడిచింది. తర్వాత నా వైపు చూడకుండానే, "అక్కడ కూర్చుని ఏం చెయ్యనే? వాళ్ళు నవ్వినప్పుడల్లా నవ్వాలి. దవడలు నొప్పెడుతున్నాయి" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. నా షరతు తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోవడం లేదు. నలభై ఏళ్ళు ఆ గదిలో లేని మనిషి, కుర్చీ ఇచ్చినా కూర్చోవడం తెలియని స్థితికి వచ్చిందంటే అది ఆ నలభై ఏళ్ళు చేసిన పనే. అది ఆమె ఇష్టం అనేసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. అలాగని, ఏడాదిన్నర తర్వాత నూనె చప్పుడు వింటూ నిలబడ్డ మనిషిని చెయ్యి పట్టి సోఫాలోకి లాక్కెళ్ళడమూ నా వల్ల కాలేదు. వెళ్ళి కుర్చీ ఒకటి తెచ్చి వేశాను. అమ్మ దాని మీద పళ్ళెం పెట్టింది.

నన్ను వెతుక్కుంటూ ముందుగా వచ్చింది మా టీంలో టెస్టింగ్ చూసే ఆవిడ. లూసియానా మనిషి, ఆఫ్రికన్ అమెరికన్. వీటిని చేస్తున్నానని ఆఫీసులో చెప్పినప్పుడే ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. వాళ్ళింట్లో మాకరోనీ ఓవెన్‌లో పైన ఎర్రగా కాలాలి, అంతే. థాంక్స్‌గివింగ్ నాడు దాన్ని ఎవరు చెయ్యాలన్నది అక్కడ చిన్న విషయం కాదట. అమ్మమ్మ చేసేది, ఆవిడ తర్వాత అమ్మ. తనకి నలభై రెండేళ్ళు, చీజ్ తురమడం దాకే రానిచ్చారంది. ఆవిడ బాణలి పక్కన నిలబడి చూస్తుంటే అమ్మ ఒక ముక్క కాగితం మీద పెట్టి ఇచ్చింది. నోరు కాల్చుకుని, ఊదుకుని, నమిలి ఆగింది. ఇందులో ఇదేమిటి, ఏదో ఆకు వాసన, అని అడిగింది.

నేను అనువాదం చేసేలోపే అమ్మకి అర్థమైంది. బల్ల కింద నుంచి చిన్న స్టీలు డబ్బా తీసి, నాలుగు గింజలు అరచేతిలో నలిపి ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది. వాము. మిరపకాయ బజ్జీ పిండిలో వేసినట్టు జారులో వేసేసింది, నాకు చెప్పకుండా. ఆవిడ కళ్ళు మూసుకుని మళ్ళీ వాసన చూసింది. థైమ్ లాగా ఉందంది.

"వాళ్ళమ్మ ఉందా, అడుగు" అంది అమ్మ.

అడిగాను. పోయిన వేసవిలో పోయారట. ఆవిడ వెళ్ళాక మొన్న నవంబర్లో మాకరోనీ ఎవరు చెయ్యాలో తేలక ఇద్దరు మేనత్తలు రెండు ట్రేలు చేసుకొచ్చారంది, నవ్వుతూనే. నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. ఇంకో ముక్క తీసి ఆవిడ కాగితం మీద పెట్టింది.

ఆ తర్వాత ఒకరిద్దరు వచ్చి తిని వెళ్ళారు. ఒక కుర్రాడు థర్మామీటర్ లేకుండా ఎలా తెలుస్తుందని అడిగితే అమ్మ జారు చుక్క విదిల్చి చూపించింది. లోపల టీవీలో అరుపులు వినబడుతున్నాయి. ఆవిడా నేనూ గోడకి ఆనుకుని నిలబడ్డాం. ముప్ఫైలో చివరికి ఆరు మిగిలాయి, ట్రే మూలల్లోంచి వచ్చిన వంకర ముక్కలు. ఒకటి నూనెలో పగిలి చీజ్ కారి, అంచులు మాడి, అప్పడంలా అయింది. అమ్మ పొయ్యి ఆపేసి, ఆ మాడినదే ముందు తీసుకుంది. నిలబడే తింది.

"ఉప్పు చాల్లేదు. చీజ్‌లో ఉంటుందంటివిగా."

"ఈసారి వేద్దాంలే."

"ఏమైందటే ఆట?"

"చూళ్ళేదమ్మా. ఉండు, కనుక్కొస్తాను."

"వెళ్దువుగాని. ముందు ఇవి తిను, చల్లారిపోతాయి" అంది.